101 ట్యాప్‌ల ఫిల్టర్‌కి 101 మల్టిప్లయర్లు అక్కర్లేదు, ఒక్కటి చాలు

ప్రశ్న క్లుప్తంగా: గుంటూరు నుంచి విజయవాడ కాలేజీకి రోజూ తిరిగే చివరి ఏడాది ఈసీఈ విద్యార్థి అడిగింది. బేసిస్ 3 అనే ఎఫ్‌పీజీఏ బోర్డు (సర్క్యూటుని మనమే రాసి చిప్పులో అమర్చుకునేది) మీద, చిప్పులోనే ఉన్న ఎక్స్‌ఏడీసీతో (వోల్టేజీని అంకెలుగా మార్చే భాగం) సిగ్నల్ తీసుకుని 101 ట్యాప్‌ల లో-పాస్ ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్ కట్టాలి, అంటే చివరి 101 శాంపిళ్లలో ఒక్కోదాన్ని కోఎఫిషియెంట్ అనే స్థిర సంఖ్యతో గుణించి అన్నీ కూడాలి. 40 కిలోహెర్ట్జ్ దాకా వదలాలి, 66 కిలోహెర్ట్జ్ నుంచి 60 డీబీ తొక్కేయాలి. వెరిలాగ్‌లో (సర్క్యూటు రాసే భాష) 101 గుణకారాలూ వరసగా రాసి కూడితే 90 డీఎస్పీ స్లైసులూ (చిప్పులో గుణకారాల కోసమే ఉన్న భాగాలు) నిండిపోయి, మిగతావి ఎల్‌యూటీల్లోకి (మామూలు లాజిక్ గదులు) పొర్లాయి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర టైమింగ్ తప్పుతోంది, అంటే ఒక క్లాకు గడువులో పని పూర్తికావడం లేదు. బోర్డు మీద సైన్ వేవ్ మధ్యలో విరిగి కిందికి దూకుతోంది. "పెద్ద చిప్పు ఉన్న బోర్డు కొనాలా?"

కొనొద్దు. మీ పనికి ఈ చిప్పే చాలా పెద్దది. బోర్డు మీదున్న ఈ చిప్పు 35టిలో డీఎస్పీ స్లైసులు 90, ఎల్‌యూటీలు 20,800, 36 కిలోబిట్ల బ్లాక్ ర్యాములు (మెమరీ ముక్కలు) 50. మీ ఫిల్టర్‌కి వీటిలో కావలసింది ఒక డీఎస్పీ స్లైసు, సగం బ్లాక్ ర్యాము, ఓ రెండు వందల లోపు ఎల్‌యూటీలు. తేడా ఎక్కడొచ్చిందంటే, మీరు మొదట ట్యాపులు లెక్కపెట్టారు. మొదట లెక్కపెట్టాల్సింది ఒక శాంపిల్‌కీ తరవాతి శాంపిల్‌కీ మధ్య ఎన్ని క్లాకులు ఉన్నాయన్నది.

ఆ లెక్క చూద్దాం. ఎక్స్‌ఏడీసీ సెకనుకు పది లక్షల శాంపిళ్లు ఇస్తుందని అందరూ అనుకుంటారు. అది దాని లోపలి క్లాకు 26 మెగాహెర్ట్జ్ ఉన్నప్పటి మాట, ఒక్కో కన్వర్షన్‌కి 26 క్లాకులు పడతాయి కాబట్టి. మీ బోర్డు క్లాకు 100 మెగాహెర్ట్జ్. దాన్ని 4తో భాగిస్తే 25 వస్తుంది, 26 రాదు. 25 మెగాహెర్ట్జ్‌ని 26తో భాగిస్తే సెకనుకు 9,61,538 శాంపిళ్లు. అంటే శాంపిల్‌కీ శాంపిల్‌కీ మధ్య మీ క్లాకులు సరిగ్గా 104. కోఎఫిషియెంట్లు డిజైన్ చేసేటప్పుడు శాంప్లింగ్ రేటు దగ్గర 10 లక్షలని కొట్టి ఉంటే కటాఫ్ దాదాపు 4 శాతం పక్కకి జరిగిపోయి ఉంటుంది. ఆక్టేవ్ సాఫ్ట్‌వేర్‌లో బాగున్న ఫిల్టర్ బోర్డు మీద 40కి బదులు 38.5 దగ్గరే వంగడం మొదలుపెడుతుంది. ముందు అది సరిచేయండి.

ఇప్పుడు 104 క్లాకులు చేతిలో ఉన్నాయి. లీనియర్ ఫేజ్ ఎఫ్‌ఐఆర్ కోఎఫిషియెంట్లు అద్దంలో చూసినట్టు ఉంటాయి, మొదటిదీ చివరిదీ ఒకటే, రెండోదీ చివరి నుంచి రెండోదీ ఒకటే. జంటగా ఉన్న రెండు శాంపిళ్లను ముందు కూడి, తరవాత ఒకేసారి గుణిస్తే 50 జంటలు, మధ్యలో ఒంటరిది ఒకటి, మొత్తం 51 గుణకారాలు. 104 క్లాకుల్లో 51 గుణకారాలకు ఒక మల్టిప్లయర్ సగం సేపు ఖాళీగా కూర్చుంటుంది. గుంటూరు మిర్చి యార్డులో 101 టిక్కీలు తూయాలంటే 101 కాటాలు పెట్టరు కదా. లారీ వచ్చేలోపు తూకం అయితే చాలు, ఒకటే కాటా.

101 అనే సంఖ్య మీ గైడ్ ఇచ్చారో మీరే అనుకున్నారో గానీ, అంచనాకి సరిపోతోంది. తొక్కాల్సిన డీబీని 22తో, ట్రాన్సిషన్ బ్యాండ్‌కీ శాంప్లింగ్ రేటుకీ ఉన్న నిష్పత్తితో భాగించాలి. ట్రాన్సిషన్ అంటే 40 నుంచి 66 దాకా ఉన్న 26 కిలోహెర్ట్జ్, నిష్పత్తి 0.027, కాబట్టి 60 ÷ (22 × 0.027) = 101. ఇది మోటు అంచనాయే. రెమెజ్‌తో (కోఎఫిషియెంట్లు లెక్కగట్టే పద్ధతి) తీసి చూసినప్పుడు 58 డీబీయే వస్తే 103కో 105కో పెంచండి, బేసి సంఖ్యగానే ఉంచండి. ఒక మల్టిప్లయర్ పద్ధతిలో ట్యాపులు పెంచితే పెరిగే ఖర్చు క్లాకులే, అవి ఎలాగూ మిగిలి ఉన్నాయి. 201 ట్యాపులకి 101 గుణకారాలు, అదీ 104లో పడుతుంది. ట్రాన్సిషన్ సగానికి తగ్గించుకోవచ్చు, డీఎస్పీ మాత్రం ఒకటే.

ఇక లోపలి అమరిక. 7-సిరీస్ చిప్పుల్లో ఉండే స్లైసు పేరు డీఎస్పీ48ఈ1. అందులో 25 బిట్ల ప్రీ-యాడర్ (గుణించేముందు కూడేది), దాని తరవాత 25 × 18 సైన్డ్ మల్టిప్లయర్, ఆ తరవాత 48 బిట్ల అక్యుములేటర్ (లబ్ధాలను కూడబెట్టేది) వరసగా ఉంటాయి. మన ఫిల్టర్‌కి అచ్చంగా సరిపోయే వరస అది. శాంపిళ్లు ఏ, డీ పోర్టులకు వెళ్లాలి, ఎందుకంటే ప్రీ-యాడర్ ఉన్నది అటువైపే. కోఎఫిషియెంట్ బీ పోర్టుకి, 18 బిట్లు. తారుమారు చేసి రాస్తే టూల్ ప్రీ-యాడర్‌ని బయట ఎల్‌యూటీల్లో కడుతుంది. తప్పు కాదు, వృథా.

శాంపిళ్లకు 128 గదుల వృత్తాకార బఫర్ పెట్టండి. 101 గదులు పెట్టొద్దు. 128 అయితే 7 బిట్ల అడ్రసు 127 దాటగానే దానంతటదే 0కి తిరుగుతుంది, పోలిక సర్క్యూటు అక్కర్లేదు. కొత్త శాంపిల్ అడ్రసు 'పి' అనుకుంటే, 'కె' నంబరు జంటకు ఒక అడ్రసు పి − కె, రెండోది పి − 100 + కె. రెండు పోర్టుల బ్లాక్ ర్యాములో రెండూ ఒకే క్లాకులో చదవొచ్చు. కొత్త శాంపిల్ రాయడానికి ఒక పోర్టు ఒక క్లాకు పాటు కావాలి. ఆ క్లాకులో చదువు మొదలుపెట్టకండి. ఒక పోర్టు రాస్తుండగా రెండో పోర్టు అదే అడ్రసు చదివితే ఏ విలువ వస్తుందన్నది ర్యాము మోడ్ మీద ఆధారపడుతుంది, సిమ్యులేషన్‌లో ఒకటీ బోర్డు మీద ఒకటీ కనిపించే బగ్గుల్లో ఇదొకటి. ఒక క్లాకు ఆగితే గొడవే లేదు, మనకు 104 ఉన్నాయి. కోఎఫిషియెంట్లు 51 × 18 బిట్లు మాత్రమే, వాటికి బ్లాక్ ర్యాము దండగ. 64 గదుల రోమ్ ఒక్కో బిట్టుకి ఒక ఎల్‌యూటీ, మొత్తం 18.

మధ్య ట్యాపు దగ్గర చాలామంది జారిపడతారు. అక్కడ కె = 50, రెండు అడ్రసులూ ఒకటే, కాబట్టి ప్రీ-యాడర్ అదే శాంపిల్‌ని రెండుసార్లు కూడుతుంది. ప్రత్యేకంగా డీ పోర్టుని సున్నా చేసే కండిషన్ రాయొచ్చు. అంతకన్నా తేలిక, రోమ్‌లో ఆ ఒక్క కోఎఫిషియెంట్‌ని సగం చేసి పెట్టడం. పూర్ణాంకంగా మార్చాక అది బేసి సంఖ్య వస్తే ముందు సరి సంఖ్యకు సర్దండి. సగం చేయడం మరిచిపోతే ఎలా తెలుస్తుందంటే, ఫిల్టర్ పనిచేస్తున్నట్టే ఉంటుంది, కానీ స్టాప్‌బ్యాండ్ 60 డీబీకి బదులు పాస్‌బ్యాండ్ కంటే ఇరవై డీబీ కిందే నిలబడిపోతుంది. శాంపిల్ ఫిల్టర్ గుండా వెళుతూనే కొంత యథాతథంగా బయటికి కారుతున్నట్టు.

పైప్‌లైన్ (పనిని ముక్కలు చేసి, మధ్యలో రిజిస్టర్లు పెట్టి, క్లాకుకో ముక్క చేయడం) దగ్గర కొంచెం నిదానించాలి, టైమింగ్ గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. అడ్రసు ఇచ్చిన రెండో క్లాకుకి బ్లాక్ ర్యాము ఔట్‌పుట్ రిజిస్టర్‌లో డేటా, మూడో క్లాకుకి ఏ, డీ రిజిస్టర్లలో, నాలుగుకి ప్రీ-యాడర్ రిజిస్టర్ ఏడీలో, అయిదుకి మల్టిప్లయర్ రిజిస్టర్ ఎమ్‌లో, ఆరుకి అక్యుములేటర్ పీలో. కోఎఫిషియెంట్ దారి దీనికి సమానంగా ఉండాలి. రోమ్ బయట రెండు రిజిస్టర్లు, డీఎస్పీ లోపల బీ1, బీ2 రెండూ. డేటా దారిలో ఏడీ రిజిస్టర్ ఉందని మరిచిపోయి బీ దగ్గర ఒకటే పెడితే ప్రతి కోఎఫిషియెంట్ పక్కవాడి శాంపిల్‌తో గుణించుకుంటుంది. అలాగే కొత్త శాంపిల్‌కి మొదటి గుణకారం వచ్చినప్పుడు అక్యుములేటర్ పాత మొత్తాన్ని వదిలేసి కొత్తగా మొదలుపెట్టాలి. 'ఇది మొదటిది' అని చెప్పే ఫ్లాగు అడ్రసుతోపాటు పుట్టి, అయిదు రిజిస్టర్లు దాటి, ఎమ్‌లో మొదటి లబ్ధం ఉన్న క్లాకులోనే అక్యుములేటర్ దగ్గర ఉండాలి. నాలుగైతే గత శాంపిల్ ఎంగిలి కలుస్తుంది, ఆరైతే మొదటి కోఎఫిషియెంట్ మాయమవుతుంది.

ఆరు క్లాకుల ఆలస్యం అంటే కంగారు పడకండి. విజయవాడ బస్టాండు నుంచి గుంటూరుకి ప్రయాణం గంట పట్టినా, పది నిమిషాలకో బస్సు కదులుతుంటే గుంటూరులో పది నిమిషాలకో బస్సు దిగుతుంది. ఆలస్యం వేరు, రాక వేరు. మొత్తం కలిపితే రాతకు ఒకటి, గుణకారాలకు 51, పైప్‌లైన్ ఖాళీ కావడానికి 6, చివర్లో బిట్లు కోయడానికి ఒకటి, 59 క్లాకుల దగ్గర పని అయిపోతుంది.

మీ పాత డిజైన్‌లో టైమింగ్ ఎందుకు తప్పిందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. వంద కూడికల గొలుసు మొత్తం 10 నానోసెకండ్లలో దాటాలని అడిగారు. అయితే కొత్త డిజైన్ కూడా తప్పడానికి ఒక కారణం మీ కోడ్‌లో అలాగే ఉంది, ఎసింక్రనస్ రీసెట్ (క్లాకు కోసం ఆగకుండా పనిచేసేది). క్లాస్‌రూమ్ ఉదాహరణలన్నీ క్లాకు అంచు లేదా రీసెట్ అంచు అని రాయిస్తాయి. డీఎస్పీ48 లోపలి రిజిస్టర్లకు ఎసింక్రనస్ రీసెట్ లేదు, సింక్రనస్ మాత్రమే. కాబట్టి టూల్ మీ రిజిస్టర్లను స్లైసు లోపలికి తీసుకోలేక బయట మామూలు ఫ్లిప్‌ఫ్లాపుల్లో వదిలేస్తుంది, స్లైసు లోపల పైప్‌లైన్ లేకుండా ఖాళీగా పనిచేస్తుంది. మీరు వాడే టూల్ వివాడో దీన్ని దాచదు. డీఆర్‌సీ (డిజైన్ నియమాల తనిఖీ) రిపోర్టులో డీపీఐపీ-1, డీపీఓపీ-1, డీపీఓపీ-2 అనే హెచ్చరికలు వరసగా కనిపిస్తాయి. మొదటిది ఇన్‌పుట్ రిజిస్టర్ లేదని, రెండోది పీ రిజిస్టర్ లేదని, మూడోది ఎమ్ రిజిస్టర్ లేదని. వార్నింగులే కదా అని అందరూ దాటేసేవి ఇవే. డేటా దారిలో రీసెట్ పూర్తిగా తీసేయండి, కంట్రోల్ కౌంటర్‌కి మాత్రం సింక్రనస్ రీసెట్ ఉంచండి. బఫర్‌లో మొదటి 101 శాంపిళ్లు చెత్తగా ఉంటే వచ్చే నష్టం ఒక మిల్లీసెకండులో దాదాపు పదో వంతు.

ఇంకొకటి, కౌంటర్‌తో క్లాకుని భాగించి నెమ్మది క్లాకు పుట్టించి దాని మీద ఫిల్టర్ నడపొద్దు. అంతా 100 మెగాహెర్ట్జ్ మీదే నడిపి, ఎక్స్‌ఏడీసీ డేటా సిద్ధమైందని ఇచ్చే పల్సుని క్లాక్ ఎనేబుల్‌గా వాడండి. 104 అని మీరే ఒక కౌంటర్ పెట్టి శాంపిల్ తీసుకోవడం కూడా వద్దు, ఎక్స్‌ఏడీసీ చెప్పిందే వినండి. బేసిస్ 3లో ఆగ్జిలరీ 6వ ఛానల్ అయితే దాని అడ్రసు హెక్సాలో 16. ఒకే ఛానల్, కంటిన్యుయస్ మోడ్ పెట్టండి. సీక్వెన్సర్‌లో నాలుగు ఛానళ్లు పెడితే 9,61,538 నాలుగు వాటాలవుతుంది, మన లెక్కలన్నీ మారిపోతాయి. టూల్‌కి క్లాకు గడువులు చెప్పే ఎక్స్‌డీసీ ఫైల్లో క్లాకు పీరియడ్ 10 నానోసెకండ్లు అని రాశారో లేదో కూడా చూడండి. రాయకపోతే టైమింగ్ రిపోర్టు పచ్చగానే ఉంటుంది, ఏమీ తనిఖీ చేయలేదు కాబట్టి.

ఇక విరిగిన అల సంగతి. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, విడదీయడం మాత్రం తేలిక. ఇన్‌పుట్‌ని నాలుగో వంతుకి తగ్గించి చూడండి. తగ్గించినా అల నడిమధ్య దగ్గరే విరుగుతుంటే అది సైన్ (ప్లస్-మైనస్ గుర్తు) గొడవ. ఇన్‌పుట్ తగ్గించగానే మాయమై, పెంచితే శిఖరాల దగ్గర మాత్రమే వస్తుంటే అది పొంగడం (ఓవర్‌ఫ్లో), అంటే విలువ ఉన్న బిట్లలో పట్టకపోవడం.

సైన్ గొడవ మూలం ఇది. ఎక్స్‌ఏడీసీ యూనిపోలార్ మోడ్‌లో 0 నుంచి 1 వోల్టు దాకా 0 నుంచి 4095 ఇస్తుంది, అదీ 16 బిట్ల రిజిస్టర్‌లో ఎడమ వైపుకి జరిపి. పై 12 బిట్లే తీసుకోండి. 0.5 వోల్టు అంటే 2048, దాన్ని మీరు సైన్డ్ అనుకుంటే అది మైనస్ 2048. పై బిట్టుని తలకిందులు చేస్తే చాలు, 2048 సున్నా అవుతుంది, అంతా సర్దుకుంటుంది. సిగ్నల్‌కి 0.5 వోల్టు ఆఫ్‌సెట్ పెట్టి, పీక్-టు-పీక్ 0.8 వోల్టు మించకుండా చూసుకోండి. ల్యాబ్‌లో ఫంక్షన్ జనరేటర్ ఆన్ చేయగానే 5 వోల్టులు ఇచ్చే సెట్టింగులో ఉండటం మామూలే, పిన్నుకి కలపకముందు ఆసిలోస్కోప్ మీద చూడండి.

వెరిలాగ్‌లో ఇంకో ఉచ్చు ఉంది. ఒక వ్యక్తీకరణలో ఒక్కటంటే ఒక్కటి అన్‌సైన్డ్ ఉన్నా మొత్తం అన్‌సైన్డ్ అయిపోతుంది. సైన్డ్ అని ప్రకటించిన రిజిస్టర్‌లోంచి కొన్ని బిట్లు కోసి తీసినా, బ్రాకెట్లతో కలిపి అతికించినా ఆ ముక్క అన్‌సైన్డే. మీ కోడ్‌లో పై 12 బిట్లు కోసి నేరుగా గుణకారంలో పెట్టారు, అదే ఇది. కోసిన ముక్కని ముందు సైన్డ్ అని ప్రకటించిన వైరుకి అప్పగించి అక్కణ్ణుంచి వాడండి. ప్రీ-యాడర్ మొత్తాన్ని కూడా ఒక బిట్టు ఎక్కువ ఉన్న సొంత రిజిస్టర్‌లో పెట్టండి. కూడిక, గుణకారం ఒకే వరసలో రాస్తే వెడల్పులు మీరు అనుకున్నట్టు ఉండవు.

పొంగడం గురించి అందరూ అక్యుములేటర్‌ని అనుమానిస్తారు. లెక్క వేద్దాం. 12 బిట్ల శాంపిళ్లు రెండు కూడితే 13 బిట్లు. 18 బిట్ల కోఎఫిషియెంట్‌తో గుణిస్తే 31. 51 కూడికలకు ఇంకో 6 బిట్లు, 37. అక్యుములేటర్ 48. అసలు టూస్ కాంప్లిమెంట్‌లో మధ్యలో పొంగినా పర్వాలేదు, చివరి మొత్తం ఆ వెడల్పులో పడితే జవాబు సరిగ్గానే తేలుతుంది. మీ 32 బిట్ల అక్యుములేటర్ కూడా నిజానికి దోషి కాదు. దోషం చివర్లో 16 బిట్లు కోసుకున్న చోట ఉంది. లో-పాస్ ఫిల్టర్ డీసీ గెయిన్ ఒకటే అయినా, కోఎఫిషియెంట్ల గుర్తులు వదిలేసి కూడితే మొత్తం ఒకటి దాటుతుంది, ఎందుకంటే పక్కల్లో మైనస్ తోకలు ఉంటాయి. ఫుల్ స్కేల్ స్క్వేర్ వేవ్ ఇస్తే అంచుల దగ్గర అవుట్‌పుట్ ఫుల్ స్కేల్ దాటడం ఖాయం. అక్కడ పై బిట్లు ఊరికే కోసేస్తే ప్లస్ కొండ మైనస్ లోయ అవుతుంది. కోసేముందు, పారేయబోయే పై బిట్లన్నీ సైన్ బిట్టుతో సమానంగా ఉన్నాయో లేదో చూసి, లేకపోతే గరిష్ఠానికో కనిష్ఠానికో కట్టిపడేయాలి. దీనికి పట్టేది ఒక క్లాకు, కొద్ది ఎల్‌యూటీలు.

కోఎఫిషియెంట్ల స్కేలు గురించి ఒక చిన్న లాభం. మామూలుగా అందరూ 2 కి 17వ ఘాతంతో హెచ్చిస్తారు, 18 బిట్లు కదా అని. మీ ఫిల్టర్‌లో అతి పెద్ద కోఎఫిషియెంట్ మధ్యలోది, దాదాపు 0.11. అంటే పై మూడు బిట్లు ఎప్పుడూ ఖాళీ. 20వ ఘాతంతో హెచ్చిస్తే అది సుమారు 1,15,600 అవుతుంది, 18 బిట్ల గరిష్ఠం 1,31,071 లోపే. మూడు బిట్ల ఖచ్చితత్వం ఊరికే వచ్చింది. చివర్లో 20 స్థానాలు కుడికి జరపాలి, అంతే తేడా. కోఎఫిషియెంట్ బిట్టుకి సుమారు 5 డీబీ అని పెట్టుకుంటే 60 డీబీకి 12 పనికొచ్చే బిట్లు చాలు, కాబట్టి మీకు ఇక్కడ ఇబ్బంది లేదు. 16 బిట్ల మల్టిప్లయర్లే ఉన్న చిన్న చిప్పుల మీద, 80 డీబీ కావాలన్నప్పుడు ఈ మూడు బిట్లే కాపాడతాయి. ఏదేమైనా పూర్ణాంకాలుగా మార్చిన కోఎఫిషియెంట్లతో ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ మళ్లీ గీసి చూడండి, దశాంశాలతో గీసిన బొమ్మ రిపోర్టులో అందంగా ఉంటుందే గానీ చిప్పులో ఉన్నది అది కాదు.

20 బిట్లు జరిపేటప్పుడు ఊరికే కోస్తే ప్రతి విలువా కిందికే ఒరుగుతుంది, సగటున అర బిట్టు మైనస్. ఒక ఫిల్టర్‌కి కనపడదు, నాలుగైదు దశలు వరసగా పెడితే డీసీ జారుడుగా తేలుతుంది. 2 కి 19వ ఘాతాన్ని ముందే కలిపేస్తే రౌండింగ్ అయిపోతుంది. దానికి వేరే యాడర్ అక్కర్లేదు. మొదటి లబ్ధం వచ్చినప్పుడు అక్యుములేటర్‌ని సున్నాతో కాకుండా ఈ సంఖ్యతో మొదలుపెట్టండి, డీఎస్పీ సీ పోర్టు ఉన్నది ఇలాంటి వాటికే.

పరీక్ష ఇలా చేయండి. ముందు ఇంపల్స్. ఒక శాంపిల్ 1, ముందూ వెనకా అన్నీ సున్నాలు. రౌండింగ్ సంఖ్య తీసేసి చూస్తే అక్యుములేటర్‌లో మీ 101 కోఎఫిషియెంట్లు ఒక్కోటిగా, సరిగ్గా అవే సంఖ్యలు, రావాలి. బఫర్ అడ్రసు తప్పితే ఒకటి రెండుసార్లు కనిపిస్తుంది, ఫ్లాగు తప్పితే మొదటిదో చివరిదో ఉండదు, మధ్యది రెట్టింపైతే సగం చేయడం మరిచారు. తప్పుల్లో ముప్పాతిక ఇక్కడే బయటపడతాయి. తరవాత అన్నీ గరిష్ఠం, అవుట్‌పుట్ కోఎఫిషియెంట్ల మొత్తానికి సరిపోవాలి. ఆ తరవాత కోఎఫిషియెంట్ గుర్తుల ప్రకారమే ప్లస్ గరిష్ఠం, మైనస్ గరిష్ఠం పెట్టిన 101 శాంపిళ్లు, ఫిల్టర్ పొంగగలిగే అత్యధికం ఇదే, కట్టిపడేసే సర్క్యూటు పనిచేస్తుందో లేదో ఇక్కడ తేలుతుంది. చివరగా పదివేల యాదృచ్ఛిక శాంపిళ్లు, పైథాన్‌లో పూర్ణాంకాలతో రాసిన నమూనాతో బిట్టుకి బిట్టు పోల్చండి. దశాంశ నమూనాతో పోల్చి 'తేడా 0.001 కదా, వదిలేద్దాం' అంటే బగ్గులు అందులోనే దాక్కుంటాయి. పైథాన్‌లో కుడికి జరపడం వెరిలాగ్ సైన్డ్ జరుపుడులాగే కిందికి ఒరుగుతుంది. భాగించి పూర్ణాంకంగా మారిస్తే సున్నా వైపుకి ఒరుగుతుంది. నమ్‌పై రౌండ్ సరిగ్గా సగం దగ్గర సరి సంఖ్య వైపుకి వెళుతుంది. మూడూ మూడు రకాలు, నమూనాలో జరపడమే వాడండి.

ఈ డిజైన్‌ని ఇంకాస్త పిండొచ్చు. 40 కిలోహెర్ట్జ్ దాకానే వదిలినప్పుడు అవుట్‌పుట్ కూడా సెకనుకు 9.6 లక్షలు ఉండక్కర్లేదు. ఎనిమిదింటికి ఒకటే లెక్కగట్టండి, 1,20,192 వస్తాయి. 66 పైన ఉన్నది తొక్కేశాం కాబట్టి మడత పడి వచ్చేది 54 కిలోహెర్ట్జ్ పైనే పడుతుంది, మీ 40ని తాకదు. పారేయబోయే ఏడు అవుట్‌పుట్‌ల కోసం గుణించడం మానేస్తే ఒక్కో అవుట్‌పుట్‌కి 832 క్లాకులు దొరుకుతాయి. అదే ఒక్క డీఎస్పీతో ఎన్ని ఛానళ్లు నడపొచ్చు? 832ని 51తో భాగించి పదహారని చెప్పేస్తారు. కానీ ప్రతి ఛానల్‌కీ ఎనిమిది శాంపిళ్లు బఫర్‌లో రాయాలి, ఆ ఎనిమిది క్లాకులూ చదివే పోర్టు నుంచే పోతాయి. ఛానల్‌కి 59, అంటే 14. అన్ని ఛానళ్లకి ఎక్స్‌ఏడీసీ చాలదు, బయటి ఏడీసీలు కావాలి, అది వేరే సంగతి.

శాంపిల్ రేటు పెరిగితే ఇటువైపు జరగండి. సెకనుకు కోటి శాంపిళ్లయితే పది క్లాకులే ఉంటాయి, 51ని పదితో భాగించి పైకి సర్దితే 6 డీఎస్పీలు. ప్రతి క్లాకుకీ ఒక శాంపిల్ వస్తేనే 51 డీఎస్పీలు, అప్పుడు సిస్టోలిక్ అమరిక. అక్కడ సూత్రం ఏమిటంటే, శాంపిల్ ప్రతి ట్యాపు దగ్గర రెండు రిజిస్టర్లు దాటాలి, పాక్షిక మొత్తం ఒక్కటే దాటాలి, స్లైసు నుంచి పై స్లైసుకి ఉన్న సొంత దారిలోనే వెళ్లాలి. ట్రాన్స్‌పోజ్డ్ రూపం పుస్తకంలో చిన్నగా కనిపిస్తుంది గానీ, ఒకే శాంపిల్ అన్ని మల్టిప్లయర్లకూ ఒకేసారి చేరాలి, ఫ్యానౌట్ చంపేస్తుంది. పైగా సిమెట్రీ వాడుకోబోతే ఒక లబ్ధం రెండు చోట్ల కూడాలి, స్లైసుల మధ్య సొంత దారి ఇక పనికిరాదు. శాంపిళ్ల ఆలస్యానికి ఫ్లిప్‌ఫ్లాపుల బదులు షిఫ్ట్ రిజిస్టర్ ఎల్‌యూటీ వాడితే ఒక్కో ఎల్‌యూటీలో ఒక బిట్టు 32 క్లాకుల దాకా ఆగుతుంది. దానికీ రీసెట్ లేదు, రీసెట్ రాశారంటే 32 ఫ్లిప్‌ఫ్లాపులు తయారవుతాయి.

వ్యాఖ్యల్లో ఒకరు ఇదే పద్ధతిలో కరెంటు 50 హెర్ట్జ్ హమ్ తీసేయొచ్చా అని అడిగారు. ఈ శాంపిల్ రేటు దగ్గర కుదరదు. ట్రాన్సిషన్ 20 హెర్ట్జ్ అనుకుంటే పై సూత్రం ప్రకారం లక్షా ముప్పై వేల ట్యాపులు. ముందు శాంపిల్ రేటు కొన్ని వందల రెట్లు తగ్గించుకోవాలి. అందుకు సీఐసీ ఫిల్టర్ వాడతారు, 1981లో హోగెనావర్ ప్రచురించినది, మల్టిప్లయర్లే ఉండవు. నాలుగు దశలు, 64 రెట్లు తగ్గింపు అయితే బిట్లు 24 పెరుగుతాయి, ఆ వెడల్పంతా లోపల ఉంచాలి. ఒక జాగ్రత్త: ఎఫ్‌ఐఆర్ చివర కట్టిపడేయమన్నాను కదా, సీఐసీ ఇంటిగ్రేటర్లలో ఆ పని అస్సలు చేయొద్దు. అవి పొంగి తిరగడం మీదే ఆధారపడి పనిచేస్తాయి, కట్టిపడేస్తే అవుట్‌పుట్ ఎటో వెళ్లిపోతుంది.

వివాడోలో ఉన్న ఎఫ్‌ఐఆర్ కంపైలర్ ఐపీ (ముందే కట్టి ఇచ్చే బ్లాకు) వాడితే ఇదంతా తప్పుతుంది కదా అంటే, తప్పుతుంది. శాంపిల్ రేటు, క్లాకు రేటు చెబితే అదే ఒక్క డీఎస్పీకి మడిచి ఇస్తుంది. ఉద్యోగంలో అయితే అదే వాడండి. ప్రాజెక్టుకి చేత్తో ఒకసారి కట్టి, ఐపీతో వచ్చిన యుటిలైజేషన్ పక్కన పెట్టి చూపించండి, రిపోర్టులో ఆ పట్టిక బరువుగా ఉంటుంది.

వైవాలో ఆలస్యం ఎంత అని అడిగితే రెండు జవాబులు విడివిడిగా చెప్పండి. హార్డ్‌వేర్ ఆలస్యం 59 క్లాకులు, 0.59 మైక్రోసెకండ్. ఫిల్టర్ గ్రూప్ డిలే 50 శాంపిళ్లు, 50 × 104 క్లాకులు, 52 మైక్రోసెకండ్లు. ఆసిలోస్కోప్ మీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ పక్కపక్కన పెడితే కనిపించేది రెండోదే, దాన్ని ఎన్ని డీఎస్పీలు పెట్టినా తగ్గించలేరు.

ఈ మార్పులు చేశాక కూడా ఆడకపోతే యుటిలైజేషన్ రిపోర్టు, డీఆర్‌సీ హెచ్చరికలు, ఇంపల్స్‌కి వచ్చిన మొదటి పది విలువలు, 48వ ట్యాపు నుంచి 52వ ట్యాపు దాకా విలువలు ఇక్కడ పెట్టండి.